ఒక్కపొద్దు నాటి గోలి

మంగళవారం పొద్దున నిజామాబాద్ క్లినిక్ నుంచి కాంపౌండరు ఫోన్ చేశాడు. "అక్కా, సారు పోయిండు" అన్నాడు. పదకొండేళ్లుగా మా తమ్ముడి మనసు జబ్బుకు వైద్యం చేస్తున్న డాక్టరు సారు. మీతో చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది కానీ, నాకు ముందు ఏడుపు రాలేదు. శనివారం వీడి చేత ఇక గోలి ఎవరు మింగిస్తారన్నదే తోచింది. అంతగా అలసిపోయి ఉన్నాను.

నా తప్పుతోనే సారు మాకు దగ్గరయ్యారు. ఎడపల్లిలో మా ఇంట్లో శనివారం అందరికీ ఒక్కపొద్దే. గోలి మింగితే ఉపవాసం చెడుతుందని ఆ రోజు తమ్ముడికి మందు మాన్పించేదాన్ని. ఒక ఏడు వాడు హనుమాన్ మాల వేసుకున్నాడు. మాలలో మందులేమిటని మొత్తానికే మాన్పించాను. మాల తీయకముందే వాడు ఇల్లు విడిచి పోయాడు. మూడో రోజున బోధన్ అవతల చెరకు తోటలో దొరికాడు. వాడి కాళ్ల నిండా చెరకు ఆకులు కోసిన గీతలే.

తిట్లు తినడానికి సిద్ధపడే క్లినిక్‌కు తీసుకెళ్లాను. సారు తిట్టలేదు. నోటుబుక్కు తీసి, "మాల ఏ దినం ఏసిండు బిడ్డా?" అని అడిగి రాసుకున్నారు. ఎవరు ఏ మొక్కుకు, ఏ రంజాన్ రోజాకు మందు మానేస్తున్నారో ఏళ్ల తరబడి రాస్తున్న పుస్తకం అది. ఆయన పరిశోధనంతా అదే. "గోలి పేరు రాస్తం గని ఒక్కపొద్దు ఎప్పుడని అడగం. తప్పు మాది గూడ" అన్నారు. లేవబోతుంటే, "నీకు గూడ బీపీ అంటివి. శనివారం గోలి ఏసుకుంటున్నవా?" అన్నారు. "ఏసుకుంటున్న సారూ" అని అబద్ధమాడాను. ఆయన అది రాసుకోలేదు.

సారుకూ శనివారం ఒక్కపొద్దే. ఆ రోజు బోధన్‌లో హనుమాన్ గుడికి వచ్చి అన్నదానం గిన్నెలు తోమేవారు. "రోగులను సూసి సూసి యాష్టకొస్తది బిడ్డా. గిన్నె అయితే తోమినంక తెల్లగైతది" అనేవారు. తమ్ముణ్ణి అక్కడికే రమ్మన్నారు. గిన్నెలు తోమే నల్లా దగ్గర నిలబెట్టి, జేబులోంచి తన బీపీ గోలి తీసి, "సూడు తమ్మీ, నాది గూడ ఒక్కపొద్దే. దేవుడు ఏమన్న అంటడా?" అని మింగారు. తమ్ముడు ఆయన గొంతు వైపే చూసి, దిగిందని నమ్మాక తనది వేసుకున్నాడు. ఇక ప్రతి శనివారం అదే తంతు. "ముందు మీరు సారూ" అని వాడు, "ఎప్పటికీ నేనేనా?" అని ఆయన. నేను పక్కన నిలబడి నవ్వేదాన్ని.

మొన్న శనివారం తమ్ముడు గోలి పట్టుకుని నల్లా దగ్గర నిలబడ్డాడు. గిన్నెలు అట్లాగే పడి ఉన్నాయి. బతిమాలాను, కసిరాను. "సారు ఇంక రాడురా, నా పానం తియ్యకు" అనేశాను. వాడు నా మొహంలోకి చూశాడు.

"మరి నీ గోలేది అక్కా?"

మిగతా ఆరు రోజులూ నేను వేసుకోవడం చూస్తూనే ఉన్నాడు కదా. సంచిలోంచి నా బీపీ గోలీల అట్ట తీశాను. దోసిట్లో నల్లా నీళ్లు పట్టి గోలి మింగాను. పొద్దుటి నుంచి ఏమీ తగలని గొంతులో అది మెల్లగా దిగింది. తమ్ముడు నా గొంతు వైపే చూస్తూ నిలబడ్డాడు. దిగిందని నమ్మాక తనది నోట్లో వేసుకున్నాడు.