అత్తయ్యగారిని ఎక్కించుకోకండి

ఊరి పేరు రాయను. కెనడా మైదానాల్లో ఒక ఊరు అనుకుంటే చాలు. పేరు రాస్తే ఇప్పటికే పలచబడిన స్నేహాలు కొన్ని పూర్తిగా తెగిపోతాయి. పైగా ఈ గొడవలో ఊరి తప్పెంత, మావాళ్ల తప్పెంత అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. తేలని లెక్కలో పేర్లు వేయకూడదు.

నా పని ట్రాఫిక్ సిగ్నళ్లు. ఏ దారికి ఎంతసేపు పచ్చదీపం వెలగాలో లెక్కగట్టి చెప్పే ఉద్యోగం. చదువుకున్నది జర్మనీలో, లైప్‌జిగ్‌లో. చదువయ్యాక, పెళ్లయ్యాక కూడా కొన్నాళ్లు అక్కడే ఉన్నాం. అప్పుడు మా ఆవిడ వాళ్లమ్మగారు మా దగ్గరికి వచ్చి మూడు నెలలు ఉన్నారు. ఆవిడ రాజమండ్రి పక్క పల్లెలో పోస్టాఫీసు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ రోజూ ఆర్టీసీ బస్సులో వెళ్లొచ్చిన మనిషి. జర్మన్ ఒక్క ముక్క రాదు. మొదటిరోజు ట్రామ్ పాస్ చేతికిచ్చి, మా స్టాప్ పేరు కాగితం మీద తెలుగులో రాసిచ్చాను. రెండోవారానికి ఆవిడే నాకు చెబుతున్నారు: "బాబూ, ఇవాళ ఆ ట్రామ్ చుట్టూ తిరిగెళ్తోంది, పట్టాలు బాగుచేస్తున్నారు. మీరు రెండోది ఎక్కండి." శనివారం సంతకి ఒక్కరే వెళ్లి కొత్తిమీర వెతికి తెచ్చేవారు.

"ఈ ఊళ్లో దారి అడగక్కర్లేదు, పట్టాలే చెబుతాయి" అనేవారు.

అక్కడివాళ్లు మనకన్నా మంచివాళ్లని కాదు. ట్రామ్ వెళ్లిపోతే ఇంకోటి వస్తుందని నమ్మకం ఉంటుంది. నిలబడేచోట బల్ల ఉంటుంది. స్టాప్ దాకా నడవడానికి కాలిబాట ఉంటుంది. అంతే. ఈ మూడూ ఉంటే రాజమండ్రి మనిషి లైప్‌జిగ్‌లో బతకగలదు. లేకపోతే నాలాంటి ఇంజనీరు కూడా బతకలేడు. ఇది చెప్పడానికి నాకు మాస్టర్స్ డిగ్రీ అవసరమైంది.

తర్వాత మేం కెనడా వచ్చాం. మామయ్యగారు పోయాక, ఇక్కడే మాతో ఉండిపొమ్మని అత్తయ్యగారిని అడిగాం. వీసా వచ్చింది, ఎండాకాలం చివర్లో వచ్చారు. ముఖ్యమైన మాటలు ఆవిడ నాతో నేరుగా చెప్పరు. నేను వినేటట్టు కూతురితో చెబుతారు. అలాగే ఓ రాత్రి భోజనాల దగ్గర కూతురితో అన్నారు:

"వారానికి రెండుసార్లన్నా నా అంతట నేను బయటికెళ్లి, నా అంతట నేను రావాలి. అది కుదిరితే ఉంటాను. కుదరకపోతే టికెట్ తీసెయ్యండి. ఇంట్లో కూర్చుని ఎవరు తీసుకెళ్తారా అని చూసే బతుకు నాకొద్దు."

పెద్ద కోరికేం కాదు. కానీ మేమున్న కాలనీలో వీధులన్నీ వంకరలు తిరిగి ఉంటాయి. కిటికీలోంచి చూస్తే మెయిన్‌రోడ్డు కనిపిస్తుంది, నడిచి వెళ్లాలంటే ఊరంతా చుట్టాలి. పక్షికి దగ్గర, మనిషికి దూరం. కాలిబాట వీధికి ఒకపక్కే ఉంటుంది, అదీ మధ్యలో మనసు మార్చుకుని రెండోపక్కకి వెళ్లిపోతుంది.

నువ్వు కారులో దింపొచ్చు కదా అంటారు. దింపేవాణ్ణే. నేను చాలా రోజులు ఇంటినుంచే పనిచేస్తాను. కానీ అల్లుడిచేత బండి తోలించుకోవడం ఆవిడ లెక్కలో జరగకూడని పని. "ఆయన పని ఆయన్ని చేసుకోనీ" అని కూతురితో అంటారు. బలవంతాన ఎక్కించినా, నా పక్క సీట్లో కూర్చోరు. అల్లుడి పక్కన కూర్చోవడం బాగోదని వెనక కూర్చుంటారు. ఓసారి సూపర్‌మార్కెట్ ముందు ఆవిడ దిగగానే ఒకాయన తలుపు పట్టుకుని, డౌన్‌టౌన్ వెళ్తావా అని నన్నడిగాడు. టాక్సీ అనుకున్నాడు. తప్పు ఆయనది కాదు.

ఆవిడకి కావలసిన చోటు దొరికింది. దూరంగా ఉన్న లైబ్రరీలో వారానికి రెండుసార్లు కొందరు ఆడవాళ్లు చేరి గుడ్డముక్కలు అతికి క్విల్ట్‌లు కుడతారు. అత్తయ్యగారు పాత నేతచీరలు తీసుకెళ్లి, చేత్తో బొంత కుట్టడం మొదలుపెట్టారు. మిషన్ల మీద కుట్టేవాళ్లంతా చుట్టూ చేరి ఆ టాకాలు చూశారట. ఆ సాయంత్రం ఆవిడ ఇంట్లో పాట పాడుకుంటూ గిన్నెలు తోమారు. డిష్‌వాషర్ ఉందని గుర్తుచేసే ధైర్యం మాకు లేకపోయింది.

లైబ్రరీకి వెళ్లడానికి మా కాలనీలో మామూలు బస్సు లేదు, పిలిస్తే వచ్చే చిన్న బస్సు ఉంది. ఫోన్లో బుక్ చేసుకోవాలి, చెప్పిన వీధి మూల నిలబడాలి, వచ్చి ఎక్కించుకుంటుంది. మనం అక్కడ లేకపోతే 'రాలేదు' అని మన పేరు పక్కన పడుతుంది. అలా కొన్ని పడితే కొన్నాళ్లు బుకింగ్ ఆపేస్తారు. న్యాయమైన నియమమే. ఇలాంటి నియమం నేనైనా అదే రాసి ఉండేవాణ్ణి.

మొదటి మూడుసార్లు బాగా వెళ్లొచ్చారు. నాలుగోసారి ఆవిడ మూలమీద నిలబడి ఉండగా మా వీధి చివర ఉండే ఆయన వ్యాన్ ఆపాడు. కరీంనగర్ వైపు మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనాదివారాలు ఇళ్లు అమ్మిపెడతాడు. మనసు వెన్న. నా కష్టానికి మూలం ఆ వెన్నే.

"గదేంది ఆంటీ, చలిల నిలబడ్డరు? ఎక్కుండ్రి."

"బస్సొస్తుంది బాబూ."

"బస్సెందుకు ఆంటీ, మేం లేమా?"

ఈ 'మేం లేమా?' అన్న మాటకి తెలుగులో జవాబు లేదు. ఉన్నారు గానీ ఎక్కను అంటే మొహం మీద తలుపేసినట్టు. అత్తయ్యగారు ఎక్కారు. ఆయన దారిలో సరుకులు కొన్నాడు, కొడుకుని ఐస్ హాకీ ప్రాక్టీస్‌కి తీసుకెళ్లాడు. ఆవిడ ఆ మంచుగడ్డ లాంటి హాలులో పిల్లల ఆట పూర్తయ్యేదాకా శాలువా కప్పుకుని కూర్చున్నారు. తర్వాత వాళ్లింట్లో టీ. లైబ్రరీ మూసేశాక లైబ్రరీ ముందునుంచి ఇంటికి తీసుకొచ్చి దింపాడు. ఇక్కడ మూలమీదికి బస్సొచ్చి, మనిషి లేక, 'రాలేదు' అని రాసుకుని వెళ్లిపోయింది.

"కాదంటే చిన్నబుచ్చుకుంటాడమ్మా. అంత ప్రేమగా అడిగాడు" అన్నారు కూతురితో, నావైపు చూడకుండా.

ఒక్కసారైతే పోనీ అనుకోవచ్చు. మా కాలనీలో తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. తర్వాతి వారం ఇంకో కారు. ఆపై వారం ఒకావిడ గుడికి వెళ్తూ ఎక్కించుకుని, గుడికే తీసుకెళ్లిపోయింది. చీర కట్టుకుని మూలమీద నిలబడ్డ పెద్దావిడ కనిపిస్తే మావాళ్ల కాలు దానంతటదే బ్రేక్ మీద పడుతుంది. బస్‌స్టాప్ అంటే దేనికోసమో ఎదురుచూసే చోటు అని కాకుండా, కష్టంలో ఉన్నవాళ్లు నిలబడే చోటు అని మా అందరికీ ఇక్కడికొచ్చిన మొదటి చలికాలమే నాటుకుపోయింది. కారు కొన్నవాడు ఆ చలిని మర్చిపోడు. అందుకే ఆపుతాడు. ఆ మంచితనాన్ని తిట్టలేక, భరించలేక నేను పళ్లు నూరుకున్నాను.

చివరికి కాలనీ వాట్సాప్ గ్రూపులో రాశాను: "అందరికీ నమస్తే. మా అత్తయ్యగారు లైబ్రరీకి బస్సులో వెళ్తున్నారు. మూలమీద కనిపిస్తే దయచేసి ఎక్కించుకోకండి. కారణాలు: ఒకటి, బస్సు బుక్ చేసి ఉంటుంది. రెండు, ఎక్కకపోతే బుకింగ్ ఆపేస్తారు. మూడు, ఆవిడకి సొంతంగా వెళ్లడం ఇష్టం."

ముందు రెండు నమస్కారాల బొమ్మలు వచ్చాయి. తర్వాత ఒకతను: "అంతా ఓకేనా బ్రో?"

మా ఆవిడ ఫోన్ చూసి నావైపు చూసింది. "మా అమ్మని ఎక్కించుకోవద్దని కారణాలకి నంబర్లేశావా?"

"స్పష్టంగా ఉంటుందని."

"చాలా స్పష్టంగా ఉంది. అత్తగారిని కారెక్కొద్దన్న అల్లుడివని ఊరంతటికీ స్పష్టంగా తెలిసింది."

అదే జరిగింది. ఎవరింట్లోనో వ్రతానికి వెళ్తే ఒక పెద్దావిడ అత్తయ్యగారిని పక్కకి తీసుకెళ్లి, "అల్లుడితో ఏమైనా మాటామాటా వచ్చిందా వదినగారూ? మాతో చెప్పండి, పర్లేదు" అని చెయ్యి పట్టుకుని అడిగింది. ఇక కార్లు ఆగడం మానలేదు, ఇంటి నుంచి కనపడని మలుపులో ఆగడం మొదలుపెట్టాయి. వ్యాన్ ఆయన అద్దం దించి గొంతు తగ్గించి అన్నాడట: "జల్ది ఎక్కుండ్రి ఆంటీ, మీ అల్లునికి చెప్పంలే."

ఈ మాట చెబుతూ అత్తయ్యగారు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చేదే, కానీ ఆ పొద్దునే ఫోన్‌కి సందేశం వచ్చింది. మా పేరు మీద బుకింగ్ ఆపేశారు.

మిగిలింది మెయిన్‌రోడ్డు మీద వెళ్లే పెద్ద బస్సు. దానికి బుకింగ్ అక్కర్లేదు, దాని దగ్గరికి చేరడమే కావాలి. ఈలోగా మంచు పడింది. మంచు తీసే యంత్రం వచ్చి రోడ్డు మీది మంచునంతా తీసి, సరిగ్గా స్టాప్ మీద పోసి వెళ్లింది. కార్లకి దారి అద్దంలా ఉంది. బస్సెక్కాలంటే నడుమెత్తు గుట్ట ఎక్కి దిగాలి. మా వృత్తిలో నడిచేవాళ్లని మనుషులని కూడా అనం, 'డిమాండ్' అంటాం. గుట్ట ఎక్కి ఎవరూ రారు కాబట్టి డిమాండ్ లేదు. డిమాండ్ లేదు కాబట్టి గుట్ట తీయనక్కర్లేదు. మీటింగుల్లో ఈ వాదనకి తలూపినవాళ్లలో నేనూ ఉన్నాను, జీతం తీసుకుని.

పార పట్టుకెళ్లి నేనే తవ్వాను. చెమట కోటులోపల గడ్డకడుతుండగా వెనక వ్యాన్ ఆగింది.

"ఏం జేస్తున్నవ్ బ్రో?"

"బస్‌స్టాప్ తవ్వుతున్నా."

"సిటీ పని నువ్వెందుకు జేస్తున్నవ్? ఆంటీకి ఎటు పోవాల్నో చెప్పు, నేను లేనా?"

నేను పార ఆపలేదు. ఆయన కాసేపు చూసి, వ్యాన్‌లోంచి తన పార తీసుకొచ్చి నాతోపాటు తవ్వాడు. కోపం తెచ్చుకునే అవకాశం కూడా ఇవ్వని మనిషి. ఇద్దరం కలిసి మెట్టులాంటిది చేశాం. మర్నాడు అత్తయ్యగారు దుప్పటంత కోటు వేసుకుని, చీరల సంచి పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి చూస్తుండగానే, దూరంగా మెయిన్‌రోడ్డు మీద పసుపు లైటు తిప్పుకుంటూ యంత్రం మళ్లీ వచ్చింది. మేం చేసిన మెట్టు మీద కొత్త గుట్ట పోసి వెళ్లింది.

అత్తయ్యగారు కోటు విప్పి, మడిచి, కుర్చీ మీద పెట్టారు. అప్పుడు మొదటిసారి ముఖ్యమైన మాట నేరుగా నాతోనే అన్నారు.

"మీరు చేయగలిగింది చేశారు బాబూ. టికెట్ తీసెయ్యండి."

మా ఆవిడ ఆ రాత్రి నా కంచం ఠక్కున పెట్టి వెళ్లిపోయింది. నా మీద కోపం కాదు. ఎవరిమీద చూపించాలో తెలియని కోపం ఇంట్లో ఉన్నవాడి మీదే పడుతుంది. వేరే రాష్ట్రంలో, నార్త్ యార్క్‌లో సబ్‌వే రైలు స్టేషన్ పక్కన ఉండే మిత్రుడికి ఫోన్ చేసి చెప్పుకుంటే, "మా దగ్గరికొచ్చెయ్ రా" అన్నాడు. ఊరు మారడమంటే చొక్కా మార్చుకోవడం అన్నంత తేలిగ్గా.

అత్తయ్యగారు వెళ్లిపోయారు. బొంత సగంలో ఆగి, లైబ్రరీ అలమారాలో ఉండిపోయింది. తీసుకెళ్లమంటే వద్దన్నారు. "ఉండనీ, అక్కడే ఉంటుంది" అన్నారు. ఆ మాటని మా ఆవిడ ఆశగా లెక్కేసుకుంది. నేను అడగలేదు.

మంచు కరిగాక, అద్దె ఇల్లు వదిలి సొంత ఇల్లు చూసుకుందామనుకున్నాం. ఇళ్లు చూపించేది మళ్లీ ఆ వ్యాన్ ఆయనే. ఒక శనివారం సాయంత్రం తన వ్యాన్‌లో తీసుకెళ్లి పాతపేటలో ఓ చిన్న ఇల్లు చూపించాడు. గరాజ్ చిన్నదని ఆయనే ముందుగా క్షమాపణ చెప్పుకున్నాడు.

"బస్‌స్టాప్ ఎంత దూరం?" అన్నాను.

ఆయన ఫోన్ తీశాడు, వెతికాడు, తల గోక్కున్నాడు. "నిజం జెప్పాల్నంటే బ్రో, ఇన్నేండ్ల సంది ఇది నన్ను ఎవ్వరూ అడగలే."

మేమే వెతుక్కుంటూ నడిచాం. వీధి తిన్నగా ఉంది, కాలిబాట రెండుపక్కలా ఉంది. మలుపు తిరగ్గానే స్టాప్. బస్సు ఎంతసేపటికి వస్తుందో చూద్దామని ఆగాం. అక్కడ నిలబడి మా ఆవిడ వాళ్లమ్మకి వీడియో కాల్ చేసింది. రాజమండ్రిలో తెల్లారింది, చేతిలో కాఫీ గ్లాసు.

"కూర్చోడానికి ఏమైనా ఉందా?" అన్నారు అత్తయ్యగారు.

"బల్ల ఉందండీ. పైన కప్పుంది."

"లైబ్రరీకి మారాలా?"

"అక్కర్లేదండీ, ఒకటే బస్సు."

"మంచు పడితే?"

"పెద్ద రూటు కాబట్టి ముందు తీస్తారనుకుంటున్నాను" అన్నాను. అనుకోవడమే, హామీ కాదు. ఆవిడ కాఫీ తాగుతూ ఆలోచిస్తున్నారు.

ఇంతలో మా పక్కన వ్యాన్ ఆగింది. అద్దం దిగింది.

"గిక్కడ నిలబడ్డరేంది? ఎక్కుండ్రి, ఇంటికాడ దింపుత. బస్సెందుకు బ్రో, నేను లేనా?"

"ఎవరది?" అన్నారు అత్తయ్యగారు ఫోన్లోంచి.

"ఆయనేనమ్మా, వ్యాన్."

"ఎక్కకండి" అన్నారు.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఆయనకీ వినిపించింది. స్టీరింగ్ మీద చెయ్యి అలాగే ఉంచి ఆయన మా ఇద్దరి మొహాలూ చూశాడు, ఫోన్ వైపు చూశాడు. ఏమనుకున్నాడో, వ్యాన్ పక్కకి తీసి ఆపి, దిగొచ్చి మా పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"సరే ఆంటీ," అన్నాడు ఫోన్‌లోకి వంగి, "వస్తదో రాదో నేనూ జూస్త."