తాళం వేసిన ఆనపపాదు

మా అపార్ట్‌మెంటు సెక్రటరీ గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇన్నేళ్లయింది, బీపీ వచ్చింది, కోపం తగ్గించుకోమని డాక్టరు కూడా చెప్పాడు. మిగతా కోపాలన్నీ తగ్గించుకున్నాను. ఇదొక్కటి ఉంచుకున్నాను.

అప్పట్లో నేనూ అమ్మా బోయిగూడలో ఒక మూడంతస్తుల బిల్డింగులో మొదటి అంతస్తులో ఉండేవాళ్లం. నాది స్టేషనుకు దగ్గర్లో గుమస్తా ఉద్యోగం. శ్రీకాకుళం వైపు నుంచి నా దగ్గరికి వచ్చేసినప్పుడు అమ్మ తెచ్చుకున్న సామానులో గుడ్డలో మూటకట్టిన ఆనపగింజలు ఉన్నాయి. బజార్లో అమ్మే పొడుగు సొరకాయ కాదది. కుండలా గుండ్రంగా, లేతాకుపచ్చగా, పైన సన్నటి నూగుతో ఉంటుంది. పాలు పోసి వండితే మరో కూర అక్కర్లేదు. అమ్మమ్మ వాళ్ల పెరట్లోది. ఇప్పుడు అక్కడా ఎవరూ వేయడం లేదు. మూటలో సగం గింజలు పుచ్చిపోయాయి, కొన్ని ఎలుకలు తిన్నాయి. ఆ ఏడు మిగిలినవన్నీ నాటితే ఒక్కటే మొలిచింది. ఆ పాదు పోతే ఆ విత్తనం ఇక లేదు.

మేడ మీద సిమెంటు సంచుల్లో, పగిలిన బకెట్లలో మన్ను పోసి తోట వేశాను. తోడుగా మేడకి సరిగ్గా కింద, పై అంతస్తు ఫ్లాటులో ఉండే టీచరమ్మ కూడా నాలుగు మొక్కలు పెట్టుకుంది. ఆవిడ మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేది, ఒంటరి మనిషి. సెక్రటరీకి ఆ బిల్డింగులో రెండు ఫ్లాట్లుండేవి. ఒకదాంట్లో తనుండేవాడు, రెండోది టీచరమ్మకి అద్దెకిచ్చాడు.

మే నెల వచ్చేసరికి తోటలో ఒక్కోదానిది ఒక్కో రోగం. టమాటా పూత ఎండకి రాలిపోయింది. బెండ ఆకులు పసుపుపచ్చబడి ఈనెలు తేలాయి. వంగకి పిండినల్లి పట్టింది, వేపనూనె కొట్టినా పోలేదు. తోటకూర మాత్రం కోసిన కొద్దీ వచ్చేది. ఇక ఆనపపాదు సంగతి చెప్పక్కర్లేదు, దానికి ఎండ లెక్కలేదు. పొద్దుగూకాక తెల్లటి పువ్వులు విచ్చేవి. తేనెటీగలెక్కడివి మా బోయిగూడలో? నేనే మగపువ్వు తుంచి ఆడపువ్వుకి అద్దేదాన్ని. పిందెలు నిలిచాయి. తీగ పిట్టగోడ దాటి టీచరమ్మ బాల్కనీ గ్రిల్లు దాకా దిగింది. గోడకి అవతల వేలాడుతున్న ఒక కాయకి అమ్మ ఎర్రగుడ్డ కట్టించింది. విత్తనానికి వదిలిన కాయ అని గుర్తు. చెక్కు గట్టిపడి, లోపల గింజలు గలగలమనేదాకా అది తీగ మీదే ఉండాలి.

నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. అందుకని నేను ట్యాంకు నీళ్లు ముట్టుకునేదాన్ని కాదు. మా ఇంట్లో, టీచరమ్మ ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు బకెట్లో పోగేసి మెట్లెక్కి మోసేదాన్ని. ఒకనాడు సెక్రటరీ మెట్ల మీద ఎదురయ్యాడు.

“ట్యాంకులు జల్ది ఖాళీ అయితున్నయి మేడం. మీరు మొక్కలకు పోస్తున్రు.”

“ఇవి బియ్యం కడిగిన నీళ్లండీ. చూడండి, తెల్లగా ఉన్నాయి.”

అతను బకెట్లోకి చూడనైనా చూడలేదు. పొద్దున్నే కొత్త కారుకి పైపు పెట్టి స్నానం చేయించేది ఆ మనిషే. ఆ నీళ్లు ఏ ట్యాంకులోవో ఎవరూ అడగలేదు.

ఆ ఆదివారం మీటింగు పెట్టాడు. మొక్కల వల్ల స్లాబు నానిపోయిందన్నాడు. “పైన నా ఫ్లాట్ల సీలింగ్ అంత చెమ్మ పట్టింది. మేడంని అడుగుండ్రి” అన్నాడు. అందరూ టీచరమ్మ వైపు తిరిగారు. ఆవిడ తలొంచుకుని కూర్చుంది, అవునన్లేదు, కాదన్లేదు. నా బకెట్లో నీళ్లు పోసిన మనిషే అలా నోరు మూసుకునేసరికి నాకు ఎక్కడో కాలింది. మేడ మీదికి నీళ్లు తీసుకెళ్లకూడదని తీర్మానం అయింది. తలుపుకి తాళం పడింది. బట్టలారేసుకునేవాళ్లు అడిగితే అతనే వచ్చి తీస్తాడట.

సరే, బట్టలే కదా అనుకున్నాను. చీరలు, దుప్పట్లు జాడించి, పిండకుండా నీళ్లోడుతూనే పైకి తీసుకెళ్లాను. వాటిని సంచుల మీద పిండి, ఆ తర్వాత దండెం మీద ఆరేశాను. మెట్లన్నీ తడిసిపోయాయి. అమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. అలా కొన్నాళ్లు గడిచాక అతనికి అనుమానం వచ్చింది. మర్నాడు తలుపు మీద కాగితం అంటించాడు. వాటర్‌ప్రూఫ్ కోటింగు వేస్తారట, పది రోజులు మేడ మీదికి ఎవరూ వెళ్లకూడదట.

రోహిణి కార్తె అది. ఆఫీసుకి వెళ్తూ రోడ్డు మీద నిలబడి పైకి చూస్తే ఆకులు వేలాడిపోయి కనిపించేవి. ఒక తలుపు, ఒక తాళం, అవతల నా మొక్కలు. కడుపు మండి అతనింటికి వెళ్లాను. సగం తలుపు తీసి నిలబడ్డాడు.

“ఒక్క బకెట్టండీ. పోసి వచ్చేస్తాను. మీరు పక్కనే నిలబడండి.”

“జెర అర్థం చేస్కోండ్రి మేడం. సొరకాయలు బజార్ల దొరుకుతలేవా? కిలో సొరకాయకు గింత పరేషాన్ ఏందీ?”

ఇంటికొచ్చి వంటింట్లో గిన్నెలు విసిరేశాను.

“గిన్నెలేటి చేసాయి?” అంది అమ్మ. “తీగ టీచరమ్మ గ్రిల్లు కాడికి దిగింది కదా. కణుపు కాడ మన్నేసి తడపండి. ఏరు దిగిపోతాది.”

నిజమే. మా ఊళ్లో నేల మీద పాకే పాదుకి తడి తగిలిన కణుపు దగ్గరల్లా వేళ్లు దిగడం చిన్నప్పుడు చూశాను. కానీ టీచరమ్మ గడప తొక్కాలంటే మనసొప్పలేదు. కోపం దిగమింగుకుని వెళ్లాను. ఆవిడ నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

“చూడండి అక్కా, మా సీలింగుకి ఎక్కడైనా చెమ్మ ఉందా?”

లేదు. సున్నం పొడిగా, తెల్లగా ఉంది.

“మరి ఆ రోజు నోరెత్తలేదేం?”

“ఎత్తితే ఖాళీ చేయమంటాడు అక్కా. సాఫ్ట్‌వేర్ పిల్లలు తలకింత అని అద్దె ఇస్తామంటూ తిరుగుతున్నారు. ఇప్పటికే రెండుసార్లు వచ్చి ఇల్లు చూసి వెళ్లారు.”

ఆవిడ మీది కోపం కూడా అతని ఖాతాలోకే పోయింది. పాదు సంగతి చెప్పాను. ఆవిడ ఇంకో మాట అడగలేదు. బాల్కనీలో బకెట్టులో గుబురుగా పెరిగిన పుదీనా ఉండేది. దాన్ని మొత్తం పీకేసింది. గ్రిల్లులోంచి తీగ లోపలికి లాగి, రెండు కణుపులు ఆ మట్టిలో పూడ్చి, కదలకుండా రాయి పెట్టాం. గ్రిల్లుకి తడిపిన గోనెసంచి కట్టాం. ఎర్రగుడ్డ కాయ బరువుకి తీగ తెగకుండా ఆవిడ పాత చున్నీతో ఊయల కట్టింది. బియ్యం నీళ్లు నేను మోయడం మానేశాను, ఆవిడే పోసేది. పైన ఆకులు ఎండుతూ వచ్చాయి. నేను రోజూ వెళ్లి చివర చూసేదాన్ని. కొన్నాళ్లకి కొన దగ్గర కొత్త ఆకు విచ్చుకుంది. టీచరమ్మ గట్టిగా ఊపిరి వదిలి, ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంది.

పది రోజులన్నవాడు తొలకరి దాకా తాళం తీయలేదు. కోటింగూ లేదు, గీటింగూ లేదు. తీసిన రోజు పైకి వెళ్తే బెండమొక్కలు పట్టుకుంటే విరిగాయి. తోటకూర ఉన్నచోట బూడిదలాంటి మన్ను. ఆనప మొదలు తాడులా ఎండిపోయి ఉంది. అతను నా వెనకే వచ్చాడు.

“చూసిన్రా మేడం, ఎండకాలం గివి బతకయి. నేను చెప్పలే?”

పిట్టగోడకి అవతల, రెండు మూరల కింద, ఆ పాదు బతికే ఉంది. అతను వంగి చూస్తే చాలు. నేను నోరెత్తితే టీచరమ్మ ఇల్లు పోతుంది. నా జన్మలో అంత కష్టపడి నోరు మూసుకున్నది లేదు.

అయినా దాగలేదు. అద్దె వసూలుకని వెళ్లిన సెక్రటరీ బాల్కనీలో బకెట్టు చూశాడు, తీగ చూశాడు, చున్నీలో కాయ చూశాడు. నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు.

ఇక నోరు మూసుకోవలసిన పని నాకు లేదు. అతని గుమ్మం ముందు నిలబడి నేను అరిచిన అరుపులకి వీధిలో జనం ఆగారు. నీ సీలింగు చెమ్మ చూపించు, నీ కోటింగు చూపించు, నీ కారు కడిగే పైపు చూపించు అన్నాను. అతను తలుపేసుకున్నాడు. టీచరమ్మ ఇల్లు తిరిగి రాలేదు. ఆ ఫ్లాటులో సాఫ్ట్‌వేర్ పిల్లలు చేరారు. పాపం, వాళ్లని అనడానికి లేదు. ట్యాంకు మాత్రం అంతకు ముందుకన్నా త్వరగా ఖాళీ అయ్యేది. దానికి ఎవరూ మీటింగు పెట్టలేదు.

సామాను ఎక్కించే రోజు అమ్మ మెల్లగా మెట్లెక్కి వచ్చింది. కాయ కోసి చెవి దగ్గర ఊపింది. గలగలమంది. పగలగొట్టి గింజలు రెండు వాటాలు వేసి, పెద్ద వాటా టీచరమ్మ కొంగున కట్టింది. ఆవిడ సీతాఫల్‌మండిలో చిన్న పోర్షను చూసుకుంది. అక్కడ దొడ్లో జానెడు నేలుందట. మా మేడ మీద కుండీలు పెట్టకూడదని బోర్డు పెట్టారు. మా వాటా డబ్బాలోనే ఉండిపోయింది.

మరుసటి ఎండాకాలం, ఒక సెలవు రోజు టీచరమ్మ ఎంఎంటీఎస్ రైలు దిగి మా ఇంటికి వచ్చింది. నేను గేటు దాకా ఎదురెళ్లాను. ఆవిడ చంకలో కుండంత ఆనపకాయ, పైన నూగు కూడా చెదరలేదు. సెక్రటరీ అక్కడే కారు తుడుచుకుంటున్నాడు. టీచరమ్మని గుర్తుపట్టాడో లేదో గానీ కాయ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“మంచిగుంది. ఏడ తెచ్చిన్రు మేడం? గిట్లాంటిది బజార్ల దొరుకుతలేదు.”

“మీరు తాళం వేసిందేనండీ,” అన్నాను.

మేం లోపలికి వచ్చేశాం. అమ్మ కాయని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు తడిమింది. తర్వాత పాలు పోసి వండించింది. కూర దింపాక, ఒక గిన్నెలో వేసి ఆ సెక్రటరీ ఇంటికి కూడా పంపమంది.

నేను పంపలేదు.