రెండో తరగతికి ఆర్కెస్ట్రా

మా స్కూలు రెండో తరగతి జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఒక పేజీ ఉంది. పైన నల్లకోట్లు వేసుకున్న దొరలు, దొరసానులు వాయిద్యాలు పట్టుకుని అర్ధచంద్రాకారంలో కూర్చున్న బొమ్మ, కింద ప్రశ్నలు. ఆర్కెస్ట్రాలో వాయిద్యాల కుటుంబాలు ఎన్ని? నాలుగు. అవి ఏవి? తీగలవి, కర్రవి, ఇత్తడివి, కొట్టేవి. పిల్లలు ఈ జవాబులను ఎక్కాల్లాగా ఒక్క ఊపిరిలో అప్పజెప్పేవారు. అందులో ఒక్క వాయిద్యం ఎలా మోగుతుందో మాత్రం ఎవరికీ తెలియదు.

నేను ఆ స్కూల్లో సంగీతం టీచర్ని. తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో బ్రాంచీలున్నాయి, అన్నిటికీ కలిపి నేనొక్కదాన్నే. పిల్లల ముందు కూర్చునే సమయం కన్నా రైల్లో కూర్చునే సమయం ఎక్కువ. నేను నేర్చుకున్నది మన వయొలిన్, చాప మీద బాసింపట్టు వేసుకుని వాయించేది. ఆ బొమ్మలోని దొరలు దాన్ని గడ్డం కింద పెట్టుకుని కుర్చీల్లో కూర్చోవడం చూసి పిల్లలు నన్నే అనుమానించారు. వాళ్ళది తప్పా, మీది తప్పా టీచర్ అని అడిగారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని స్టాఫ్‌రూములో పేరు. ఆ పేరు నిలబెట్టుకుంటూ నేరుగా కరస్పాండెంట్ గారి గదిలోకి వెళ్ళాను. ఆయనకు ముందు రైసు మిల్లు ఉండేది, తర్వాత స్కూలు పెట్టారు. గొంతు ఎప్పుడూ పెంచరు. ప్రతి మాటకూ 'అండి' తగిలించి మరీ కాదంటారు.

"వినకుండా బట్టీ పట్టించడం ఏంటండి? గోంగూర పచ్చడి రుచి బోర్డు మీద రాసి చూపించినట్టుంది" అన్నాను.

"నిజమేనండి. అయితే నాకూ ఒక ఇబ్బంది ఉందండి మేడమ్. రెండో తరగతికి వారానికున్న ఆ ఒక్క సంగీతం పీరియడ్ కూడా లెక్కలకి ఇచ్చెయ్యమని పేరెంట్స్ అడుగుతున్నారండి."

నేను నోరు తెరిచేలోపే ఆయనే అందుకున్నారు.

"ఓ పని చేద్దామండి. ఈ నెల మీరు ఆ ఆర్కెస్ట్రా ఏదో వినిపించండి. నెలాఖరుకి తెనాలి క్లాసులో నేనే వచ్చి వెనకాల కూర్చుంటాను. పిల్లలు చెవి పెట్టి విన్నారనుకోండి, పీరియడ్ మీది. దిక్కులు చూశారనుకోండి, లెక్కలది. అన్ని బ్రాంచీల్లోనూ అంతేనండి."

సరేనని బయటికొచ్చాను. ఆ పీరియడ్ పోతే నాకు జీతం పోదు, లైబ్రరీలోనో ఆఫీసులోనో ఏదో ఒక పని అంటగడతారు. పోయేది పిల్లలకు. ఆ వయసులో వినని చెవి తర్వాత వినడానికి ఎంత మొరాయిస్తుందో నాకు బాగా తెలుసు, పెళ్ళి చేసుకుని పాతికేళ్ళుగా చూస్తున్నాను.

మా ఆయన బ్యాంకులో పనిచేస్తారు. ఆ వారమంతా ఇంట్లో ఫోన్‌లో పాశ్చాత్య సంగీతం మోగుతూనే ఉంది. అంట్లు తోముతూ, పప్పుకి పోపు వేస్తూ, ఇస్త్రీ చేస్తూ విన్నాను. పిల్లలకు ఏవి వినిపించాలో పరదేశపు టీచర్లు నెట్లో బోలెడు సలహాలు రాశారు. వాళ్ళు చెప్పినవన్నీ నిమ్మళంగా, మర్యాదగా ఉన్నాయి. వయొలిన్లు మనసును మెత్తగా కరిగిస్తున్న చోట సరిగ్గా ప్రెషర్ కుక్కర్ ప్రకటన వచ్చేది.

"ఆర్కెస్ట్రా అంటే దసరా పందిట్లో పాడేవాళ్ళేగా? వాళ్ళకైతే చీటీ రాసిస్తే మనక్కావలసిన పాట పాడతారు. వీళ్ళకి చీటీ ఎక్కడివ్వాలి?" అన్నారు మా ఆయన, ఇడ్లీ ముక్క చట్నీలో ముంచుతూ.

"మీరు ముందు టిఫిన్ తినండి" అన్నాను.

మొదటి ప్రయోగం రేపల్లెలో జరిగింది. తెల్లవారడాన్ని వర్ణిస్తుందని అందరూ మెచ్చుకున్న ఒక నెమ్మది సంగీతాన్ని ఎంచుకున్నాను. దాన్ని అన్నాలు తిన్న తర్వాతి పీరియడ్‌లో పెట్టడం నా తెలివితక్కువతనం. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్పీకరులోంచి ఫ్లూటు సన్నగా వస్తోంది. పొద్దు పొడిచే చోటు వచ్చేసరికి సగం క్లాసు బల్లల మీద తలలు వాల్చేసింది. మెలకువగా ఉన్నవాళ్ళను ఏం వినిపించిందని అడిగాను.

"సీరియల్లో అత్తగారు ఏడవబోయే ముందు ఇదే వస్తదండి టీచర్" అన్నాడొకడు.

మిగతావాళ్ళు అవునవునని తలలూపారు. అత్తగారు ఎందుకేడ్చిందనే విషయం మీద చర్చ మొదలై, గంట కొట్టేదాకా ఆగలేదు. ఆలోచిస్తే వాడు చెప్పింది అబద్ధం కాదు. ఈ పిల్లలు అన్ని వయొలిన్లు కలిసి మోగగా విన్నది టీవీ సీరియళ్ళలోనే.

నిద్రపుచ్చేవి పనికిరావని బాపట్లకు ఒక గాలివానను తీసుకెళ్ళాను. ఉరుములు, మెరుపులు, గాలి, అన్నీ వాయిద్యాలతోనే పలికించిన గొప్ప రికార్డింగు. అక్కడి పిల్లలు నిటారుగా కూర్చున్నారు. కళ్ళు పెద్దవి చేసుకుని విన్నారు. నా ఆనందానికి అంతు లేదు. అయిపోయాక, ఏమిటర్రా ఇది అని అడిగాను.

"తుఫానండి" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

"శభాష్. ఎలా పోల్చారు?"

ముందు బెంచీ పిల్ల లేచి నిలబడి, "రేపు సెలవా టీచర్?" అంది.

సముద్రం పక్కన పెరిగే పిల్లలకు తుఫాను అంటే సెలవు. రేవులో మూడో నంబరు ప్రమాద జెండా ఎగరేశారంటే కలెక్టరు గారు బడికి సెలవిస్తారని పుట్టినప్పుడే తెలుసు. నేను ఎంత సర్దిచెప్పినా వినలేదు. సాయంత్రం ఒకరిద్దరు తల్లులు స్కూలుకు ఫోన్ చేసి, రేపు సెలవంట కదండి అని అడిగారట. ఆఫీసులో అందరూ నావైపు ఒక రకంగా చూశారు.

ఆ సాయంత్రం రైల్లో కూర్చుని నా మీద నేనే చిరాకు పడ్డాను. ఇది ఉదయం, ఇది గాలివాన అని నేను బొమ్మలు చూపిస్తున్నాను. చెవికి బొమ్మ ఎందుకు? బొమ్మ తెలియగానే వినడం ఆగిపోతోంది. పిల్లలు దేనికోసమైనా ఎదురుచూసేలా ఉండాలి, ఇప్పుడొస్తుందా ఇంకాసేపట్లో వస్తుందా అని చెవి అక్కడే పెట్టుకునేలా. ఇంటికెళ్ళి అంతకుముందు పక్కన పెట్టేసిన వాటిని మళ్ళీ తిరగేశాను. చివరికి ఒకటి దొరికింది. మెల్లగా మొదలవుతుంది. ఒక్కొక్క వాయిద్యమే వచ్చి చేరుతుంది. మధ్యలో ఒకసారి ఉవ్వెత్తున లేచి, ఏమీ జరగనట్టు తగ్గిపోతుంది. మళ్ళీ కూడుకుని కూడుకుని, చివర్లో పెద్ద డోళ్ళతో సహా అందరూ కలిసి ఒక్కసారిగా విరుచుకుపడతారు. ఏ సలహాల్లోనూ అది లేదు. పిల్లలకు పొడుగనుకున్నారేమో.

నెలాఖరు వచ్చింది. అది పెళ్ళిళ్ళ కాలం. తెనాలిలో ఏ వీధిలో చూసినా షామియానాలే, క్లాసులో సగంమంది చేతులకు గోరింటాకే. కరస్పాండెంట్ గారు వచ్చి చివరి బెంచీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు. పక్కన ఒక రెండు జడల పిల్ల. నేను పిల్లలకు ఒక్కటే చెప్పాను. అందరూ కలిసి వాయించే చోటు ఒకటొస్తుంది, అది ఎక్కడో మీరే పట్టుకోవాలి అని. చెప్పి, రికార్డింగు పెట్టాను.

కాసేపు బాగానే ఉంది. ఆ తర్వాత చర్రున కాగితం చిరిగిన చప్పుడైంది. రెండో బెంచీ పిల్ల రఫ్ నోట్సులోంచి కాగితం చింపి ముక్కలు చేస్తోంది. చేసి పక్కవాళ్ళకు పంచుతోంది. వాళ్ళు వెనక్కి అందిస్తున్నారు. నా ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళు నేను పడ్డ పాట్లన్నీ ఆ కాగితం ముక్కల పాలయ్యాయనుకున్నాను. వెళ్ళి ఒక్కొక్కరి చెవీ మెలిపెట్టేదాన్నే, కానీ వెనకాల ఆయన ఉన్నారు. ఉన్నచోటే నిలబడి కళ్ళెర్రజేశాను. ఒక్కరూ నావైపు చూడలేదు. అందరూ స్పీకరు వైపే చూస్తున్నారు.

సంగీతం మధ్యలో లేచే చోటు వచ్చింది. క్లాసులోని పిడికిళ్ళన్నీ పైకి లేచాయి. అయిపోయింది, ఇక కాగితాల యుద్ధమే అనుకున్నాను. రెండో బెంచీ పిల్ల పక్కవాడి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంకా డోలు రాలేదు. ఆగు" అంది గుసగుసగా.

పిడికిళ్ళు దిగాయి. అప్పుడు వెలిగింది నాకు. అవి అక్షింతలు. పెళ్ళిలో సన్నాయి కాస్త హెచ్చగానే తొందరపడి వేసెయ్యకూడదు, డోలు దంచి గట్టిమేళం మోగినప్పుడే వెయ్యాలి. ఏ మేనత్తలో పక్కన కూర్చోబెట్టుకుని వీళ్ళకు ఎప్పుడో నేర్పి ఉంటారు. షాదీల్లో ఖర్జూరాలు పంచుకునే ఇళ్ళ పిల్లలు కూడా పొరుగు పెళ్ళిళ్ళకు వెళ్ళినవాళ్ళే, పిడికిలి బిగించే ఉన్నారు. అందరూ కలిసే చోటు పట్టుకోమంటే, వాళ్ళకు తెలిసిన పద్ధతిలో పట్టుకుంటున్నారు. ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఆ గదిలో వాళ్ళంత శ్రద్ధగా నేను కూడా వినడం లేదు.

మళ్ళీ ఒక్కొక్క వాయిద్యమే చేరింది. ఇత్తడి బూరాలు వచ్చినా ఎవరూ కదల్లేదు. చివరికి డోళ్ళు మోగాయి. కాగితం ముక్కలన్నీ ఒక్కసారి గాల్లోకి లేచి స్పీకరు మీద, బల్ల మీద, నా తల మీద పడ్డాయి. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

వెనకనుంచి కరస్పాండెంట్ గారు లేచారు. ఆయన చొక్కా మీద, భుజాల మీద కాగితం ముక్కలున్నాయి.

"మధ్యలో ఆ సంగీతం లేచినప్పుడే నేను వేసేశానండి మేడమ్" అన్నారు చిన్నబోయి. "ఈ పాప నన్ను చూసిన చూపు ఉంది చూశారూ."

గంట మోగింది. లెక్కల సార్ చార్టు చుట్ట చంకలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

"ఒక్క పది నిమిషాలు మాకివ్వండి సార్" అన్నారు కరస్పాండెంట్ గారు. తర్వాత నావైపు తిరిగి, "మీ పీరియడ్ జోలికి ఎవరూ రారండి, అన్ని బ్రాంచీల్లోనూ. ఇంకోసారి పెట్టండి" అన్నారు.

ఆయన వంగి నేల మీది ముక్కలు ఏరుకుని మళ్ళీ ఆ బెంచీలోనే ఇరుక్కున్నారు. పక్కనున్న రెండు జడల పిల్లతో, "ఈసారి వెయ్యాల్సినప్పుడు నా చెయ్యి నొక్కమ్మా" అన్నారు.

"నేను నొక్కను సార్. మీరే వినాలి" అంది ఆ పిల్ల.

ఆయన పిడికిలి బిగించి కూర్చున్నారు. నేను మళ్ళీ మొదటినుంచి పెట్టాను.