నాయన చుట్టిన ఊలు ఉండ

మా నాయనను కడప జిల్లాలోని మా నేత ఊరి నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి తెచ్చిన ఏడాది నేను ఊలు అల్లడం నేర్చుకోవలసి వచ్చింది. ఇష్టపడి నేర్చుకున్న విద్య కాదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు వచ్చిపడింది. కర్నూలుకు కొత్తగా రాజధాని వచ్చిందని ఊరంతా కిక్కిరిసి మాకు దొరికింది ఒకే గది. చంకలో పాలు మానని పిల్ల. గుడారంలో పెట్టిన ఆఫీసులో పగలంతా దుమ్ము మింగి సాయంత్రానికి చిరచిరలాడుతూ వచ్చే మొగుడు. నిలబడే నిద్రపోయేంత అలసటలో ఉండేదాన్ని.

నాయన మంచం ఆసుపత్రి వరండాలో వేశారు. గాలి ఆడాలని అక్కడ తడికలు కూడా కట్టరు. మార్గశిరం వచ్చేసరికి తెల్లవారుజామున ఆయాసం ఎక్కువై ఆయనకు మాట పెగిలేది కాదు. "ఎదకు చలి తగలనీయొద్దమ్మా. ఇంకోసారి నెమ్ము చేస్తే ఆయన తట్టుకోలేడు" అని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. స్వెట్టరు కోసం బజారంతా తిరిగాను. మా ఎండల ఊళ్ళో అమ్మేవాళ్ళెవరు? మద్రాసు నుంచి వచ్చిన ఆఫీసర్ల భార్యల కోసం ఒక కొట్టువాడు ఊలూ సూదులూ మాత్రం తెప్పించి పెట్టాడు. మాసినా కనబడదని నల్ల ఊలు కొనుక్కొచ్చాను.

పక్క వాటాలో ఉండే ఆవిడ కూడా అలా మద్రాసు నుంచి వచ్చిందే. చేతిలో సూదులు లేకుండా ఆమెను నేను చూడలేదు. నా నల్ల ఊలు చూసి నవ్వింది. "నల్లది చెయ్యి తిరిగినవాళ్ళకండీ. మొదట్లో కుట్లు కంటికి కనబడాలి. లేత రంగుది, కాస్త లావుది తెచ్చుకోండి" అంది. కొట్టువాడు గొణుక్కుంటూనే లేత పసుపుది మార్చి ఇచ్చాడు. ఎదురుగా కూర్చుని ఆమె చేతులు చూస్తే ఆమె కుడి నాకు ఎడమై అంతా తిరగబడింది. అప్పుడామె చాప మీద తన పక్కకు జరిపి కూర్చోబెట్టుకుంది. భుజం భుజం ఆనించి చూస్తే ఒక్క మధ్యాహ్నంలో చేతికి దారి దొరికింది. ఎవరైనా అడిగితే నేనిప్పటికీ ఈ రెండు మాటలే చెబుతాను. మూడో మాట ఒకటుంది, అది నేర్పింది ఆమె కాదు.

వంట చేస్తూ, పిల్లను జోకొడుతూ, కునికిపాట్లు పడుతూ స్వెట్టరు ముందు భాగం, వెనక భాగం అల్లాను. సూది మీద కుట్టు జారితే మా ఇంటి పద్ధతిలో చిన్న ముడి వేసి ముందుకు పోయాను. నేతవాళ్ళ ఇంట్లో పుట్టిన పిల్లకు చిన్నప్పుడే చెబుతారు, పోగు తెగితే అతకాలే గాని నేసింది ఇప్పకూడదని. మగ్గం మీది బట్ట ఇప్పడమంటే మాకు మంచం మీది మనిషిని కింద దించినంత అశుభం. జబ్బు మనిషి కోసం అల్లేదాన్ని చూస్తూ చూస్తూ ఎలా ఇప్పను?

రెండు ముక్కలూ కలిపి కుట్టి ఆసుపత్రికి తీసుకుపోయాను. నాయన తొడుక్కోలేదు. ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమాడు.

"ఏం పాపా, ఇది బట్టనా, జొన్న కంకినా? యాడ పట్టినా ముడే తగుల్తాండాది."

"జారిపోయింటే అతికినా నాయనా. ఇప్పగూడదని నువ్వే గదా చెప్పినావు."

"అది మగ్గానికి. ఆడ పోగు తెగుతాది, అతకాల. ఈడ తెగల్యా, జారింది. జారినదానికి ముడేస్తే ఎట్ల? ఇప్పు."

నాకు ఏడుపొచ్చింది. అన్ని రోజుల నిద్ర ఆ ముక్కల్లో ఉంది. ఆయన కలిపిన కుట్టు ఊడదీసి, ముడి తగిలినచోటల్లా గోటితో విప్పుతూ కొస పట్టి లాగాడు. వరుస వెంట వరుస చప్పుడు లేకుండా ఊడి వచ్చింది. నేను చూడలేక తల తిప్పుకున్నాను. మళ్ళీ ఇటు చూసేసరికి ఆయన దిండుకు ఆనుకుని కూర్చుని ఊలును ఉండగా చుడుతున్నాడు. చిన్నప్పుడు ఆయన మగ్గానికి నేను కండెలు చుట్టేదాన్ని. ఆ ఉండ అంత గుండ్రంగా, అంత సమానంగా నా చేత ఎన్నడూ కాలేదు.

రెండోసారి ముడి లేకుండా అల్లాను. జారితే అక్కడిదాకా ఇప్పి మళ్ళీ ఎత్తుకున్నాను. చలి ముదరకముందే అది ఆయన ఒంటి మీదికి వచ్చింది. ఎద వెచ్చగా ఉంటోందన్నాడు. తెల్లవారుజాము ఆయాసం కొంత తగ్గింది. ఇక స్వెట్టరుకు చేతులు మిగిలాయి.

ఆ చేతులే నా ప్రాణం తీశాయి. అల్లి తీసుకుపోతే, ఇక్కడ బిగువైందనేవాడు, అక్కడ వదులైందనేవాడు. "ఇప్పు" అని చేతులు చాచేవాడు. ఒకరోజు ఇంట్లో పిల్లకు జ్వరం, నాకు ఒళ్ళు నొప్పులు. ఉండబట్టలేక అరిచాను.

"చలికాలం పోతాండాది నాయనా. నీకు చేతులు ఎప్పుడు తొడిగేది నేను?"

"తొడగకున్నా ఏం ల్యా పాపా. చేతులకు చలేసేది పని ల్యాకనే" అన్నాడు ఉండ చుడుతూ, నావైపు చూడకుండా.

అప్పుడు ఆయన చేతుల వైపు చూశాను. నాకు తెలిసినప్పటి నుంచి ఊరికే ఉన్న చేతులు కావవి. ఇప్పుడు పొద్దున్నించి పొద్దుగూకేదాకా దుప్పటి మీద పడి ఉంటున్నాయి. రోజూ వచ్చి మందులూ గంజీ చూసి పోయేదాన్నే గాని వాటిని నేను చూడలేదు. ఇంటికి నడిచి వస్తూ దారంతా ఏడ్చాను.

ఆ తర్వాత ఒక చెయ్యి పూర్తిగా, సూదితో సహా తీసుకుపోయాను. నాయన దాన్ని తిరగేశాడు, బోర్లేశాడు, వెలుతురుకు పెట్టి చూశాడు. చాలాసేపు వెతికాడు.

"శానా బాగుండాది. తప్పేం ల్యా" అన్నాడు. నాకు తిరిగి ఇచ్చి, చేతులు దుప్పటి మీద పెట్టుకున్నాడు.

నేను సూది లాగేశాను.

"పైవరుసలు బిగువైనాయి నాయనా. ఇప్పాల" అని కొస ఆయనకు అందించాను.

ఆయన నా ముఖంలోకి ఒకసారి చూశాడు. రెండు చేతులూ చాచాడు.