నాగయ్య పెట్టిన పదును

మాచర్ల నాపరాళ్ళ క్వారీలో ఉలులకు పదును పెట్టే ఇంట్లో పుట్టిన నాగయ్య, పంతొమ్మిది వందల ఎనభై ఆరు నాటికి నరసరావుపేటలో ఒక నర్సింగ్ హోమ్ ఆపరేషన్ థియేటర్లో అసిస్టెంటు. చదువు తొమ్మిదో తరగతితో ఆగింది గానీ కోతలకు అడ్డూ ఆపూ లేదు. టీకొట్టు దగ్గర కూర్చుని "నిన్న మేం ఆపరేషన్ చేశాం" అంటాడు, డాక్టరు పేరెత్తడు. థియేటర్లో పెట్టుకునే ఆకుపచ్చ టోపీ తియ్యకుండానే బజారంతా తిరుగుతాడు, సిగ్గులేని మనిషి.

డాక్టరు ఎక్కడో సెకండ్ హ్యాండులో అల్ట్రాసోనిక్ కత్తి కొనుక్కొచ్చాడు. కంటికి ఆననంత వేగంగా దాని మొన అదురుతూ కాలేయాన్ని కోస్తుంది. వేడెక్కకుండా పక్కనుంచి నీళ్ళు కారుతుంటాయి. వాడగా వాడగా ఆ మొన అరిగిపోయింది. కొత్తది మద్రాసు నుంచి రావాలి.

"అరిగితే ఏందండీ? సానబడితే సరి. మా నాయన చానా ఉలులు బాగుచేశాడు" అన్నాడు నాగయ్య.

ఛీ పొమ్మనాల్సిన డాక్టరు "సరే, చూడు" అన్నాడు. అంత చదువూ ఎందుకు, తగలెయ్యడానికా?

నాగయ్య సానరాయి మీద తీరుబడిగా నూరి, గోటి మీద గీసి చూసుకుని మురిసిపోయాడు. ఉలికి పదునుంటే చాలు. ఈ మొనకు కావలసింది కొలత. పిసరంత పొట్టిదైనా అదురు తప్పి, కోయాల్సిన బలమంతా వేడిగా మారుతుంది. ఆ సంగతి వాడికి తెలియదు, ఎవర్నీ అడగనూ లేదు.

బెల్లంకొండలో గొర్రెలు కాచుకునే పెదకోటయ్య భార్య కొండమ్మకు కాలేయంలో నీటితిత్తి పెరిగింది. తీయకపోతే బతకదు. బల్ల మీద పడుకుని ఆమె నాగయ్య చెయ్యి పట్టుకుంది.

"అన్నా, నా పిల్లలు పసోళ్ళు. నన్ను ఇంటికి పంపియ్యి."

"నా చేత్తో పదునుబెట్టా చెల్లెమ్మా. వెన్నలాగా కోసుద్ది."

కోయలేదు, కాల్చింది. పొగ లేచి, కాలేయం అంచు నల్లబడింది. డాక్టరు కత్తి పక్కన పడేసి వేళ్ళతోనే తిత్తి తీశాడు గానీ, కాలినచోట పైత్యపు పసరు కారడం ఆగలేదు. అప్పుడు తెలిసింది నాగయ్యకు, తాను చేసిన పనేమిటో. వారం తిరక్కుండానే కొండమ్మ పోయింది.

"కార్జం ముందే కుళ్ళింది బావా. మేం చెయ్యాల్సిందంతా చేశాం" అన్నాడు నాగయ్య గేటు దగ్గర పెదకోటయ్యతో.

పెదకోటయ్య వంగి నాగయ్య కాళ్ళు పట్టుకున్నాడు.

"సొంత చెల్లెలనుకుని చూశావంట అయ్యా. పోయేదాకా నీ మాటే చెప్పింది."

నాగయ్య కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.