పొట్టు తిరిగే చెలక

జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో నా పని సేఫ్టీ. కప్పు మీద గాలి ఎటు వీస్తోందో చూపుతూ ఎగిరే గాలిసంచి చూసి, గ్యాస్ లీకైతే జనం ఏ గేటు వైపు పరుగెత్తాలో చెప్పేది నేనే. ఉండేది ఒక్క సంచి. నేను చూశానంటే ఇంకెవరూ తల ఎత్తి చూడరు. ఆ అలవాటునే గుట్టల మీదికీ తీసుకుపోయాను.

పారాగ్లైడింగ్ నేనూ మా బామ్మర్దీ కలిసే నేర్చుకున్నాం, ఉత్తరాది కొండల్లో. తిరిగొచ్చాక ఆదివారాలు ఇక్కడి రాళ్ల గుట్టలు వెతికే పని పెట్టుకున్నాం. ఎగరడానికి జాగా దొరుకుతుంది. గాలికి ఎదురుగా వాలు, గ్లైడర్ గుడ్డ రెక్క పరిచేంత చదును ఉంటే చాలు. దిగడానికే దొరకదు. కిందికి చూస్తే కరెంటు తీగలు, వెంచర్ల హద్దు కడీలు, బండరాళ్లు. ముందు దిగే చోటు చూసుకుని తర్వాతే గుట్ట ఎక్కమని మాకు నేర్పినాయన వందసార్లు చెప్పాడు. ఆ చూడడం నా వంతు. బామ్మర్ది నా మాట మీద ఎగిరేవాడు.

సంగారెడ్డికి అవతల ఒక గుట్ట నచ్చింది. ముందంతా తీగలే. పక్కకు మాత్రం కోత అయిపోయిన జొన్న చెలక ఒకటి ఖాళీగా ఉంది. దానికి గాలి వచ్చే దిక్కున ఇంకో చిన్న రాళ్ల గుట్ట. చెలక గలావిడ, అరవై దాటిన మనిషి, గట్టు మీద కూర్చుని ఉంది. దిగొచ్చా అని అడిగితే దిగమంది.

"గని బిడ్డా, మేం గీడ తూర్పార పట్టం. జొన్నలు రోడ్డు మీదికి మోస్కపోతం. గీడ పడితే పొట్టు మల్ల మొకం మీదికే వస్తది" అంది.

"సరే పెద్దమ్మా" అని నవ్వాను. ఎగిరే గుట్ట మీద మేం కట్టిన గాలిసంచి చక్కగా సాగి ఉంది. దూరాన చిమ్నీ పొగదీ అదే దిక్కు. చెలకలో నా మొహానికి గాలే తగల్లేదు, అదీ మంచిదే అనుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. గుట్ట దాటిన గాలి దాని వెనక సుడి తిరుగుతుందని చదివి పరీక్ష పాసైనవాణ్ణి. ఆమె చెప్పిందీ అదేనని నాకు తట్టలేదు.

పైనుంచి బామ్మర్ది వాకీటాకీలో అడిగాడు. "దిగేకాడ సూసినవా బావా?"

"సూసిన. రా."

కాసేపు బాగానే ఎగిరాడు. చెలక మీదికి వచ్చాక, రెండంతస్తుల ఎత్తులో, రెక్క ఒక పక్క ముడుచుకుంది. మనిషి గిర్రున తిరిగి పడ్డాడు. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ఆ పెద్దమ్మ కొంగు తడిపి వాడి మొహం తుడిచింది.

ఆస్పత్రికి మా ఆవిడ వచ్చింది. తమ్ముడి కాలు చూసి, ఏడుపు ఆపుకుని అడిగింది.

"ఆ చెల్క సూసింది ఎవరు?"

నేను నోరు తెరిచేలోపే మంచం మీంచి వాడు, "నేనే అక్కా. బావ వద్దనే అన్నడు" అన్నాడు.

ఆవిడ వాణ్ణి తిట్టింది. నాకు చాయ్ తెచ్చి ఇచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను గానీ చాయ్ తాగాను, నిజం చెప్పలేదు. రెండేళ్లయింది. వాడు కుంటుకుంటూ మా ఇంట్లోకి వచ్చినప్పుడల్లా ఆవిడ, "బావ మాట ఇనకపోతివి" అని వాణ్ణే దెప్పుతుంది. వాడు నా వైపు చూడడు.