సిరా మరక పడ్డ యూరోలు

ఆదిమూలం ఎంగిలి వేలితో నోట్లు లెక్కపెట్టేవాడు. బొటనవేలిని నాలుకకు రాసి యూరో తిప్పి, మళ్ళీ రాసి డాలరు తిప్పి, అదే చేత్తో గుడి నుంచి వచ్చిన పులిహోర తినేవాడు. పక్క కౌంటర్లో కూర్చునే అమృతవల్లి మొదట్లో మొహం తిప్పుకునేది. తర్వాత అలవాటైంది. అలవాటు కానిది మరొకటి ఉంది.

అమృతవల్లి వాళ్ళు తరతరాలుగా పుదుచ్చేరిలో ఉన్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదివేది రాసేది తమిళం. రెడ్డియార్‌పాళయంలో పప్పుల కొట్టు నడిపిన తండ్రి పోయాక, ఆయన స్నేహితుడు ఆదిమూలం బజారులోని తన దుకాణంలో ఆమెకు పని ఇచ్చాడు. విదేశీ డబ్బు మార్చే దుకాణం. చుట్టరికం లేకపోయినా ఆమె ఆయన్ని మామా అనే పిలిచేది. ఆయన కులసంఘంలో పెద్దమనిషి. ఉత్సవాలకు అన్నదానం ఆయన ఖర్చే.

దుకాణం బయట బోర్డు మీద ప్రతి దేశపు డబ్బుకూ రెండు ధరలుండేవి. యూరో దుకాణం కొనే ధర తక్కువ, అమ్మే ధర ఎక్కువ. ఆ రెండింటి నడుమ తేడాలోనే అద్దె, జీతాలు, లాభం. ఫోనులో కనిపించే ధర పెద్ద బ్యాంకులు తమలో తాము కోట్లలో కొనుక్కునేటప్పటిదనీ, చేతిలో నోటు పట్టుకుని వచ్చేవాడికి అది దొరకదనీ ఆమె త్వరగానే నేర్చుకుంది. అందులో తప్పేమీ ఆమెకు తోచలేదు. బియ్యం కొట్టువాడూ మిల్లు ధరకు అమ్మడు కదా.

కానీ ఆదిమూలం దగ్గర మూడో ధర ఉండేది. అది బోర్డు మీద ఉండదు. వచ్చినవాడి మొహం చూసి ఆయన నోటికి వస్తుంది. ఆస్పత్రి నుంచి పరుగెత్తుకొచ్చినవాడికి ఒకటి, ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడేవాడికి ఒకటి. "కమిషన్ లేదు" అన్న అట్ట మాత్రం గాజు తలుపు మీద అందరికీ ఒకేలా కనిపించేది.

ఒక ఉదయం కదిర్కామం నుంచి వెళ్ళైయమ్మాళ్ వచ్చింది. భర్త ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పోయాడు. రెండు కళ్ళకూ పొరలు. ఆపరేషన్ కోసం ఫ్రాన్సులో ఉన్న చెల్లెలి కూతురు డబ్బిచ్చింది. బ్యాంకు ద్వారా పంపితే దారిలో ఒక్కో బ్యాంకూ కొంత కోసుకుంటోందని, ఈసారి సెలవులకు వచ్చినప్పుడు నోట్లే చేతిలో పెట్టి వెళ్ళింది. ముసలామె సంచిలో పెన్ను కారి కొన్ని నోట్ల అంచుకు నీలం మరక అంటింది.

ఆదిమూలం వాటిని వేరుగా తీసి, వీటిని ఏ బ్యాంకూ తీసుకోదన్నాడు. ముసలామె మొహం వాడిపోయింది. నీ మొహం చూసి సగం ధరకు తీసుకుంటా, ఇది నాకు నష్టమే అన్నాడు. ఆమె చేతులెత్తి దండం పెట్టి, ఇచ్చింది తీసుకుని వెళ్ళింది.

మధ్యాహ్నం ఆనంద్ అనే అబ్బాయి వచ్చాడు. వంటపని శిక్షణకు ఫ్రాన్సు వెళుతున్నాడు, యూరోలు కావాలి. ఆదిమూలం అవే నోట్లు బయటికి తీసి, బోర్డు మీది అమ్మకం ధరకే ఇచ్చాడు. అబ్బాయి మరక చూపించి అడిగాడు.

"అక్కడ ఇదంతా ఎవరూ చూడరు తంబీ. కళ్ళు మూసుకోని తీసుకో," అన్నాడు ఆదిమూలం.

అబ్బాయి వెళ్ళాక అమృతవల్లి అడిగింది. "పొద్దున బ్యాంకు తీసుకోదంటివి కదా మామా?"

"అది కొనేటప్పుడు మాట. ఇది అమ్మేటప్పుడు మాట. రిస్కు నాది కదమ్మా," అని ఆయన వేలు నాలుకకు రాసుకున్నాడు.

ఆమె లేచి వెనక్కి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది.

దుకాణం మూశాక, లెక్కల పుస్తకంలో రాసిన చిరునామా చూసుకుని బస్సెక్కి కదిర్కామం వెళ్ళింది. జరిగింది చెబితే వెళ్ళైయమ్మాళ్ చాలాసేపు నమ్మలేదు. నమ్మాక కూడా గొడవ వద్దంది. ఉత్సవాల్లో అందరికీ అన్నం పెట్టే మనిషిని ఎట్లా అడిగేదని ఆమె బాధ.

"పెట్టిన అన్నం ఎవరి డబ్బవ్వా?" అంది అమృతవల్లి.

మర్నాడు ఇద్దరూ కలిసి దుకాణంలోకి వచ్చారు. జనం నిండుగా ఉన్నారు. ముసలామె గొంతు పెంచలేదు.

"నా నోట్లు యాడుండాయి నాయనా? చెల్లవంటివే, తిరిగి ఇచ్చేయి. చెల్లనివి నీకెందుకు?"

ఆదిమూలం నవ్వాడు. ఏదో పొరపాటు జరిగిందన్నాడు, ముసలామెకు టీ తెప్పించాడు, మిగతా డబ్బంతా ఎంగిలి వేలితో లెక్కపెట్టి ఇచ్చాడు. అమృతవల్లి మనసు బంగారమని అందరి ముందూ పొగిడాడు. ఆయన సిగ్గుపడి ఉంటే, కనీసం తిట్టి ఉంటే ఆమెకు కొంత తెరిపిగా ఉండేది. ఆ నవ్వు చూశాక ఒళ్ళంతా జిడ్డు పూసినట్టయింది.

జనం పలచబడ్డాక ఆయన ఆమెను పిలిచి, మెల్లగా, ఆ ముసలామె మన మనిషని తెలిసుంటే ముందే మంచి ధర ఇచ్చేవాణ్ణి కదా అన్నాడు. తర్వాత బాహూరు నుంచి వచ్చిన ఒక రైతు ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. దుబాయి నుంచి తమ్ముడు తెచ్చిచ్చిన దిర్హములు జేబులోంచి తీస్తుంటే, ఆదిమూలం అతని అరిగిన చెప్పులు చూసి ధర చెప్పాడు.

అమృతవల్లి తన సొరుగు తాళంచెవి తీసి ఆయన ముందు పెట్టింది. "అన్నా, బయట బోర్డు చూసి ఇయ్యి," అని రైతుతో చెప్పి వీధిలోకి నడిచింది.

ఇంట్లో తల్లి అమ్మాయమ్మ ఏడ్చింది. కూడు పెట్టిన చేతిని కరిచావంది. సంఘంలో ఆడవాళ్ళు అమృతవల్లితో మాట్లాడటం తగ్గించారు. కొన్నాళ్ళు తిరిగితే ఒక బట్టల దుకాణంలో బిల్లులేసే పని దొరికింది. జీతం తక్కువ. వెళ్ళైయమ్మాళ్ కంటి ఆపరేషన్ బాగానే జరిగింది.

ఆదిమూలం ఈ ఏడాది రెండో దుకాణం తెరిచాడు. ప్రారంభానికి అమ్మాయమ్మ కూడా వెళ్ళి, లడ్డూల పొట్లం తెచ్చి వంటింట్లో పెట్టింది. అమృతవల్లి దాన్ని విప్పకుండానే తీసుకెళ్ళి వీధి చివరి చెత్తతొట్టిలో వేసి వచ్చింది.